ఖతర్ 2022 ప్రపంచకప్: టికెట్ కొన్న ప్రేక్షకుడికి అందిన ఆతిథ్యం

2022 నవంబర్ 20 నుంచి డిసెంబర్ 18 వరకు ఖతర్‌లో జరిగిన పురుషుల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను, డబ్బు పెట్టి కొనుక్కున్న ఒక సేవగా పరిగణించి రాస్తున్న సమీక్ష ఇది. ఫైనల్లో ఫ్రాన్స్‌తో 3-3తో సమమైన తరవాత పెనాల్టీల్లో 4-2తో గెలిచిన అర్జెంటీనా గురించి, మెస్సీ కప్పు అందుకున్న ఆ రాత్రి గురించి రాయవలసినవాళ్లు ఇప్పటికే రాశారు. టికెట్ ఏ ధరకు దొరికింది, స్టేడియానికి చేరడం ఎంత సులువైంది, దూరం నుంచి వచ్చినవారికి రాత్రి ఎలాంటి పడక దొరికింది, నిర్వాహకులు ముందు చెప్పినదానికీ చివరకు జరిగినదానికీ ఎంత తేడా వచ్చింది అన్నవే ఇక్కడి ప్రశ్నలు. ఉద్యోగరీత్యా దోహాలో ఉంటున్నవాణ్ని కనుక స్థానిక నివాసులకు కేటాయించిన టికెట్లతోనే మ్యాచ్‌లు చూశాను. బస ఖర్చు గానీ విమానం ఖర్చు గానీ నా మీద పడలేదు. విదేశాల నుంచి వచ్చిన అభిమాని లెక్క వేరు. ఆ తేడాను మనసులో ఉంచుకుని చదవాలి.

ఈ ఆతిథ్యంలోని బలమూ బలహీనతా రెండూ ఒకే చోట పుట్టాయి: టోర్నీ మొత్తం దాదాపు ఒక్క నగరంలోనే జరిగింది. ఎనిమిది స్టేడియాల్లో ఒకదానికొకటి బాగా దూరంగా ఉన్నవి ఉత్తరాన అల్ బైత్, దక్షిణాన అల్ జనూబ్. వాటి మధ్య దూరం సుమారు 75 కిలోమీటర్లే. 2018లో రష్యా వెళ్లిన అభిమాని కలినిన్‌గ్రాద్ నుంచి యెకాతెరిన్‌బర్గ్ దాకా జట్టు వెంట తిరగాలంటే రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించవలసి వచ్చేది. ఖతర్‌లో గ్రూపు దశ మ్యాచ్‌లు చాలా రోజులు మధ్యాహ్నం 1, సాయంత్రం 4, రాత్రి 7, 10 గంటలకు మొదలయ్యాయి కాబట్టి, ఒకే రోజు రెండు మ్యాచ్‌లు రెండు వేర్వేరు స్టేడియాల్లో చూడటం మామూలు ఉద్యోగికి కూడా సాధ్యమైంది. 32 జట్ల అభిమానులు ఒకే ఊళ్లో ఉండటం వల్ల పాత బజారు సౌఖ్ వాకిఫ్ సందుల్లో సాయంత్రం పూట మెక్సికో టోపీలు, మొరాకో జెండాలు, సెనెగల్ డప్పులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సాగాయి. ఈ అనుభవాన్ని అంతకు ముందు ఏ ప్రపంచకప్పూ ఇంత దట్టంగా ఇవ్వలేదు, ఇకముందు ఇచ్చే అవకాశమూ కనిపించడం లేదు.

అసలు ఇంత చిన్న దేశానికి ఈ పని ఎలా దక్కిందన్నది విడిగా రాయవలసినంత పెద్ద కథ. 2010 డిసెంబర్ 2న జూరిక్‌లో ఫిఫా కార్యవర్గం ఓటు వేసినప్పుడు చివరి రౌండులో ఖతర్ 14-8తో అమెరికాను ఓడించింది. అప్పటికే ఫిఫా సొంత సాంకేతిక నివేదిక వేసవి ఎండల గురించీ, నిర్వహణలోని రిస్కు గురించీ హెచ్చరించింది. ఓటు ముగిసిన నాలుగేళ్లకు పైగా గడిచాక, 2015 మార్చిలో, టోర్నీని శీతాకాలానికి మార్చారు. యూరప్‌లోని పెద్ద లీగులు తమ సీజన్‌ను మధ్యలో ఆపుకోవలసి వచ్చింది. జూన్, జూలైలకని అమ్మిన సరుకును డిసెంబర్‌లో అందించారన్నమాట. అయితే ప్రేక్షకుడి కోణంలో చూస్తే ఆ మార్పు మంచే చేసింది. మెట్రోలు, రోడ్లు, కొత్త లుసైల్ నగరంతో కలిపి ఈ పన్నెండేళ్లలో పెట్టిన ఖర్చు 22,000 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని తరచూ చెబుతారు. అందులో స్టేడియాల వాటా చాలా చిన్నది. కాబట్టి ఆ అంకెను కేవలం ఆటల ఖర్చుగా చూపించడం సరికాదు.

ఆ డబ్బుకు తగిన ఫలితం స్పష్టంగా కనిపించింది మెట్రోలోనే. 2019లో మొదలైన దోహా మెట్రోలో ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగుల పేర్లతో మూడు మార్గాలు, 37 స్టేషన్లు ఉన్నాయి. మూడూ ముషైరిబ్ దగ్గర కలుస్తాయి. రైళ్లకు డ్రైవర్ ఉండడు. టోర్నీకి దేశంలోకి అనుమతి ఇచ్చే హయ్యా కార్డు ఉన్నవారికి టోర్నీ రోజుల్లో ప్రయాణం ఉచితం. ఐదు స్టేడియాలకు నడిచి చేరగలిగేంత దగ్గరలో స్టేషన్లు ఉన్నాయి. ఇంతవరకు ప్రచార పత్రాల్లో కూడా ఉంది. అసలు పరీక్ష మ్యాచ్ ముగిసిన మొదటి గంటలో ఉంటుంది. ఫైనల్ రోజు లుసైల్ స్టేడియంలో కూర్చున్నవారు 88,966 మంది. అంతమంది ఒకేసారి లేచి ఒకే స్టేషన్ వైపు నడిస్తే ఏం జరుగుతుందో ఊహించవచ్చు. నిర్వాహకులు దీనికి ఎంచుకున్న ఉపాయం, స్టేషన్ ఎదురుగా కనిపిస్తున్నా జనాన్ని నేరుగా వెళ్లనివ్వకపోవడం. ఇనుప బారికేడ్లతో మెలికలు తిరిగే పొడవైన దారి కట్టి, జనాన్ని విడతలు విడతలుగా ఆపుతూ వదులుతూ నడిపించారు. మొదటిసారి చూసినవారికి చిరాకు వేస్తుంది. కళ్లెదుటే ఉన్న తలుపుకు ఇంత చుట్టు తిరగడమెందుకని గొణగనివారు లేరు. కానీ ప్లాట్‌ఫారం మీదికి చేరాక ఒత్తిడి ఉండదు, తోపులాట ఉండదు, రైలు వెంట రైలు వస్తుంటుంది. గుంపు ఒత్తిడిని భూగర్భంలో కాక ఆరుబయట, నేల మీదే తగ్గించాలన్న సూత్రాన్ని ఇంత ఓపికగా పాటించిన ఏర్పాటు మరొకటి నేను చూడలేదు.

ఆ చుట్టు దారిలో జనం సహనం కోల్పోకుండా చూసినవారు ఎత్తైన కుర్చీల మీద కూర్చున్న యువతీ యువకులు. చేతికి పెద్ద స్పాంజి వేలు తొడుక్కుని, మైకులో ‘మెట్రో? దిస్ వే!’ అని రాగం తీస్తూ దారి చూపేవారు. మొదటి వారం గడవక ముందే ఆ పిలుపును జనం తిరిగి పాడటం మొదలుపెట్టారు. అలసిపోయిన గుంపు నడుస్తూ నడుస్తూ ‘దిస్ వే’ అని కోరస్ అందుకునేది. కోట్లు పోసి చేసిన ప్రారంభోత్సవం కంటే ఇదే ఎక్కువమందికి గుర్తుండిపోయిందని నా అభిప్రాయం. ఈ పని చేసినవారిలో చాలామంది ఆఫ్రికా, దక్షిణాసియా దేశాల నుంచి వచ్చిన వలస కార్మికులే.

రవాణాలో లోపం లేకపోలేదు. అల్ బైత్ స్టేడియం దోహాకు ఉత్తరాన అల్ ఖోర్‌లో ఉంది, అక్కడికి మెట్రో లేదు. ఎరుపు మార్గంలో లుసైల్ దాకా వెళ్లి, అక్కడ షటిల్ బస్సు ఎక్కాలి. తిరుగు ప్రయాణంలోనూ అంతే. ప్రారంభ మ్యాచ్, ఒక సెమీఫైనల్ సహా తొమ్మిది మ్యాచ్‌లను ఆ స్టేడియానికే ఇచ్చారు. అరబ్బుల గుడారం ఆకారంలో కట్టిన ఆ కట్టడం టీవీలో చాలా అందంగా కనిపిస్తుందన్నది నిజమే. కానీ అన్నింటికంటే కష్టంగా చేరుకోవలసిన స్టేడియానికి దాదాపు అన్నింటికంటే ఎక్కువ మ్యాచ్‌లు ఇవ్వడం కెమెరా కోసం చేసిన ఏర్పాటే తప్ప ప్రేక్షకుడి కోసం చేసినది కాదు. అల్ తుమామా, అల్ జనూబ్‌లకు కూడా స్టేషన్ దిగాక బస్సు తప్పలేదు గానీ, అవి దగ్గరివి కాబట్టి పెద్ద ఇబ్బంది అనిపించలేదు.

టికెట్ ధరల్లో రెండు లోకాలు కనిపించాయి. నాలుగో కేటగిరీ టికెట్లను ఖతర్ నివాసులకే పరిమితం చేసి, గ్రూపు మ్యాచ్‌కు 40 రియాల్స్‌గా నిర్ణయించారు. ప్రపంచకప్ మ్యాచ్‌ను ఒక సాధారణ కార్మికుడు కూడా నేరుగా చూడగలిగిన ధర ఇది. ఫైనల్‌కు కూడా ఈ కేటగిరీలో 750 రియాల్స్‌కే టికెట్ ఉంది. బయటి నుంచి వచ్చినవారికి గ్రూపు మ్యాచ్ మూడో కేటగిరీలో 250, మొదటి కేటగిరీలో 800 రియాల్స్. ఫైనల్ మొదటి కేటగిరీ టికెట్ 5,850 రియాల్స్, అంటే దాదాపు 1,600 డాలర్లు. రష్యాలో అదే టికెట్ 1,100 డాలర్లు. స్థానికుడికి ఇచ్చిన రాయితీ భారాన్ని అతిథి మోశాడనుకోవచ్చు. అయినా నివాసులకు ఇలా కొంత భాగం చౌకగా విడిచిపెట్టే పద్ధతిని తరవాతి ఆతిథ్య దేశాలు కొనసాగించాలని గట్టిగా చెబుతాను.

టికెట్లన్నీ ఫోన్‌లోని యాప్‌లోనే ఉండటం మాత్రం ఒకే మేకుకు బరువంతా వేలాడదీయడమే అయింది. నవంబర్ 21న ఖలీఫా స్టేడియంలో ఇంగ్లండ్, ఇరాన్ మ్యాచ్‌కు ముందు ఫిఫా యాప్ మొరాయించి, చాలామందికి తమ టికెట్లు కనిపించలేదు. వందలమంది గేట్ల బయట ఆగిపోగా, మ్యాచ్ ఖాళీ కుర్చీల మధ్య మొదలైంది. ఇబ్బంది ఉందని ఫిఫా కూడా ఒప్పుకుంది. తరవాతి రోజుల్లో సర్దుబాటు అయిందన్నది నిజమే గానీ, పన్నెండేళ్ల సన్నాహం తరవాత రెండో రోజే ఇలా జరగడం క్షమించదగినది కాదు. దేశంలోకి అనుమతి ఇచ్చే హయ్యా కార్డు ఒక యాప్‌లో, మ్యాచ్ టికెట్ మరో యాప్‌లో. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే మనిషి అటూ ఇటూ కాకుండా పోతాడు. గేటు దగ్గర ప్రతి ఒక్కరి కళ్లూ ఆటగాళ్ల పేర్ల కంటే ముందు బ్యాటరీ శాతం మీదే ఉండేవి. టికెట్ లేనివారిని వెంట తీసుకురావాలంటే, ఒక టికెట్‌దారు ముగ్గుర్ని, తలకు 500 రియాల్స్ చెల్లించి తెచ్చుకోవచ్చని నిబంధన పెట్టారు. ఆతిథ్యంలో ఈ రుసుము ఏ సేవకు ప్రతిఫలమో నాకు అర్థం కాలేదు.

బస విషయంలో ఖతర్ బాగా వెనుకబడింది. సుమారు ముప్ఫై లక్షల జనాభా ఉన్న దేశానికి, అధికారిక లెక్కల ప్రకారమే, టోర్నీ సమయంలో 14 లక్షలకు పైగా సందర్శకులు వచ్చారు. హోటళ్లు చాలవని ముందే తెలుసు కాబట్టి దోహా రేవులో విహార నౌకలు నిలిపారు, ఖాళీ స్థలాల్లో కంటైనర్ల లాంటి గదులతో ఫ్యాన్ విలేజీలు వేశారు. రెండు మంచాలు, ఒక ఫ్యాను, ఒక చిన్న బల్ల ఉన్న గదికి రాత్రికి 200 డాలర్లకు పైగా వసూలు చేసిన చోట, టోర్నీ మొదలైన రోజున కూడా కొన్ని గదుల పని పూర్తి కాలేదు. దుమ్ములో సూట్‌కేసులు లాగుతూ నిలబడ్డ అభిమానుల ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. నిర్వాహకులు ఆలస్యాన్ని అంగీకరించి డబ్బు వాపసు ఇస్తామన్నారు. తెలివైన అభిమానులు చాలామంది దుబాయ్‌లోనో మస్కట్‌లోనో బస చేసి, మ్యాచ్ రోజున షటిల్ విమానంలో వచ్చి రాత్రికి తిరిగి వెళ్లారు. ఒకే ఊళ్లో ప్రపంచకప్ అన్న గొప్పకు ఇది విచిత్రమైన ముగింపు. ఊరు పట్టక పొరుగు దేశాల పడకలను అరువు తెచ్చుకోవలసి వచ్చింది.

మాట నిలబెట్టుకోవడంలో కూడా తక్కువ మార్కులే పడతాయి. స్టేడియం పరిసరాల్లో బీరు అమ్ముతామని ఎన్నో నెలలుగా చెప్పి, ప్రారంభానికి రెండు రోజుల ముందు, నవంబర్ 18న, ఆ అమ్మకాన్ని రద్దు చేశారు. అల్ బిద్దా పార్కులోని ఫ్యాన్ ఫెస్టివల్‌లో మాత్రం సాయంత్రం తరవాత అరలీటరు బీరు 50 రియాల్స్‌కు దొరికింది. ఇక్కడ ఒక విషయం నిష్పక్షపాతంగా చెప్పాలి. మద్యం లేని స్టేడియంలో కుటుంబాలతో వచ్చినవారు, ముఖ్యంగా మహిళలు, నిబ్బరంగా కూర్చోగలిగారు. ఇంగ్లండ్, వేల్స్ అభిమానుల్లో ఒక్కరు కూడా అరెస్టు కాలేదని బ్రిటిష్ పోలీసులే ప్రకటించారు. అందువల్ల నిషేధం మీద నాకు ఫిర్యాదు లేదు. దాన్ని ప్రకటించిన సమయం మీదే ఉంది. ముందే చెప్పి ఉంటే వచ్చేవాళ్లు తెలిసి వచ్చేవారు, రానివాళ్లు మానేసేవారు. వేల్స్ మ్యాచ్‌కు స్వలింగ ప్రేమికులకు మద్దతుగా ఇంద్రధనుస్సు టోపీలతో వచ్చినవారి టోపీలు గేటు దగ్గర తీయించడం, జట్ల కెప్టెన్లు వివక్షకు వ్యతిరేకంగా ‘వన్ లవ్’ అనే చేతి పట్టీ కట్టుకుంటే పసుపు కార్డు చూపిస్తామని ఫిఫా బెదిరించడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. అందరికీ స్వాగతమని ప్రకటనలు ఇచ్చినవాళ్లే ఈ నిబంధనలను చివరి గంటలో బయటపెట్టారు. కర్బన తటస్థ ప్రపంచకప్ అన్న ప్రచారాన్ని కూడా 2023లో స్విట్జర్లాండ్ ప్రకటనల పర్యవేక్షక సంస్థ తప్పుదోవ పట్టించేదిగా తేల్చింది.

స్టేడియం లోపల అడుగుపెట్టాక ఫిర్యాదులు చాలా తగ్గుతాయి. ఖతర్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ సౌద్ అబ్దుల్ ఘనీ బృందం రూపొందించిన చల్లదనం ఏర్పాటులో, కుర్చీల కింద ఉన్న చిన్న చిన్న రంధ్రాల నుంచి చల్లగాలి వస్తుంది. స్టేడియం మొత్తాన్ని చల్లబరచకుండా మనిషి కూర్చునే ఎత్తు దాకానే గాలిని నిలిపి ఉంచడం దీని పద్ధతి. రాత్రి పది గంటల మ్యాచ్‌లో చీలమండల దగ్గర ఆ గాలి ఎంత గట్టిగా తగిలేదంటే, పక్క వరుసల్లోని పెద్దవాళ్లు శాలువాలు కప్పుకున్నారు. ఎడారి దేశంలో చలికి వణుకుతూ ఫుట్‌బాల్ చూడటం కొంచెం అతిగానే అనిపించింది. ఏసీ లేని ఒకే ఒక్క స్టేడియం 974. సముద్రం ఒడ్డున, 974 షిప్పింగ్ కంటైనర్లతో కట్టిన దాని పేరులో దేశపు ఫోన్ కోడ్ కూడా ఉంది. అక్కడి ఏడు మ్యాచ్‌లనూ రాత్రి 7 గంటలకు గానీ ఆ తరవాత గానీ పెట్టడం సముద్రపు గాలిని లెక్కలోకి తీసుకున్న మంచి ఆలోచన. నా మటుకు కూర్చుని ఆట చూడటానికి ఎనిమిదింటిలో ఇదే హాయైన చోటు. టోర్నీ అయిపోగానే దీన్ని పూర్తిగా విప్పేస్తామన్నారు గానీ, 2025 డిసెంబర్‌లో అరబ్ కప్ మ్యాచ్‌లు కూడా ఇక్కడే జరిగాయి. మాట తప్పినా, ఈ ఒక్క విషయంలో సంతోషమే.

ఈ సేవకు అసలు ధర ఎవరు చెల్లించారన్న ప్రశ్నను పక్కన పెట్టి సమీక్ష ముగించడం న్యాయం కాదు. ఖతర్‌లోని విదేశీయుల్లో అతి పెద్ద సమూహం భారతీయులే. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాలకు ఈ స్టేడియాలు ఎండలో కాంక్రీటు మోసిన చోట్లుగానే తెలుసు. 2010 తరవాత ఐదు దక్షిణాసియా దేశాలకు చెందిన 6,500 మందికి పైగా వలస కార్మికులు ఖతర్‌లో మరణించారని గార్డియన్ పత్రిక 2021లో రాసింది. అది అన్ని కారణాల వల్ల, అన్ని రంగాల్లో జరిగిన మరణాల లెక్క. స్టేడియం పనుల్లో పని సంబంధమైన మరణాలు మూడేనని నిర్వాహక కమిటీ చెబుతూ వచ్చింది. 2022 నవంబర్‌లో కమిటీ అధిపతి హసన్ అల్ తవాదీ ఒక టీవీ ఇంటర్వ్యూలో 400 నుంచి 500 అన్నారు. ఆ తరవాత కమిటీ దాన్ని దేశవ్యాప్తంగా అన్ని రంగాలకూ సంబంధించిన లెక్కగా సవరించింది. ఈ మూడు అంకెలూ మూడు వేర్వేరు విషయాలను కొలుస్తున్నాయి. అసలు చాలా మరణాలకు కారణాన్ని సరిగా విచారించకుండా సహజ మరణంగానో గుండె ఆగిపోవడంగానో రాసేయడం వల్లనే ఏ అంకెనూ గట్టిగా నమ్మలేని స్థితి వచ్చింది.

మార్పులేమీ జరగలేదనడం కూడా తప్పే. 2020లో, యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు చట్టంలోకి వచ్చింది. 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1,000 రియాల్స్ అయింది. భోజనం, వసతి యజమాని ఇవ్వకపోతే వాటికి 300, 500 రియాల్స్ అదనం. స్టేడియం కార్మికులు ఏజెంట్లకు కట్టిన డబ్బులో కొంత భాగాన్ని కాంట్రాక్టర్ల చేత తిరిగి ఇప్పించారు. అయితే జట్లకు పంచిన ప్రైజ్ మనీకి సమానమైన 44 కోట్ల డాలర్లను కార్మికుల పరిహారానికి కేటాయించాలని మానవ హక్కుల సంస్థలు అడిగితే ఫిఫా ఒప్పుకోలేదు. 40 రియాల్స్‌కు మ్యాచ్ చూసిన నా లాంటివాడికి ఆ ధర అంత తక్కువగా ఎందుకు దొరికిందో కొంతైనా తెలిసి ఉండాలి.

ఏర్పాట్లు ఒక్క నెల కోసమేనా, నిలబడతాయా అన్నదానికి ఏడాది తిరిగేసరికే జవాబు దొరికింది. కోవిడ్ కారణంగా చైనా వదులుకున్న ఆసియా కప్‌ను 2022 అక్టోబర్‌లో ఖతర్‌కు అప్పగించారు; 2024 జనవరి 12 నుంచి ఫిబ్రవరి 10 వరకు, ప్రపంచకప్ స్టేడియాల్లో ఏడింటితో పాటు మరో రెండింటిలో, ఆ టోర్నీ జరిగింది. హాజరు 15 లక్షలు దాటి ఆసియా కప్‌లో రికార్డయింది. మన జట్టు ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాల చేతిలో ఓడి ఒక్క గోలు కూడా కొట్టకుండా ఇంటికి వెళ్లింది గానీ, అహ్మద్ బిన్ అలీ స్టేడియంలో నీలి జెర్సీల గుంపును చూస్తే భారత్‌లోనే ఆడుతున్నారనిపించింది. బస సమస్య, యాప్ గందరగోళం ఆ నెలలో దాదాపు కనిపించలేదు. అంటే ప్రపంచకప్‌లో తలెత్తిన ఇబ్బందుల్లో చాలావరకు చోటును మించిన జనం వల్ల వచ్చినవే. 24 జట్ల టోర్నీకి ఈ నగరం సరిగ్గా సరిపోయింది.

2026 ప్రపంచకప్‌కు 48 జట్లు, 104 మ్యాచ్‌లు, మూడు దేశాల్లో 16 నగరాలు అని నిర్ణయించారు. సరిగ్గా అదే సంఖ్యలో జట్లతో, మ్యాచ్‌లతో 2025 నవంబర్‌లో అండర్-17 ప్రపంచకప్‌ను ఖతర్ దోహాలోని ఆస్పైర్ జోన్ అనే ఒక్క క్రీడా ప్రాంగణంలోని మైదానాల్లో నడిపి, ఫైనల్‌ను పక్కనే ఉన్న ఖలీఫా స్టేడియంలో పెట్టింది. 2029 దాకా ప్రతి ఏడాదీ ఆ టోర్నీ అక్కడే జరుగుతుంది. దోహాలో బంధువులో స్నేహితులో ఉండి, బస చింత లేనివారు ఎవరైనా ఫుట్‌బాల్ కోసం ఒకసారి వెళ్లాలనుకుంటే నవంబర్‌లో వెళ్లడం మంచిది: ఎండ మరీ తీవ్రంగా ఉండదు, మెట్రో ఎక్కితే మైదానం దగ్గరే దిగవచ్చు, ఒకే రోజు ఎన్ని మ్యాచ్‌లు చూస్తారన్నది ఓపికను బట్టి ఉంటుంది.